పాటకు ఊరు లేదు

ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కి కళ్లు మూసుకుని కూర్చున్నా, బండి ఎంతదాకా వచ్చిందో నేను చెప్పగలను. ధర్మవరంలో ఎక్కేవాళ్ల మాట చివర పైకి లేస్తుంది. మామూలుగా మాట్లాడుకుంటున్నా కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. పెనుకొండలో ఎక్కేవాళ్లు మాటను కాస్త సాగదీసి, చివర మెల్లగా దించి పెడతారు. హిందూపురం దగ్గర పడేసరికి కన్నడం వచ్చి చేరుతుంది. తెలుగులో మొదలుపెట్టిన మాటను కన్నడంలో ముగిస్తారు, చెప్పేవాళ్లూ గమనించరు, వినేవాళ్లూ గమనించరు.

ఇదే జనం పాట ఎత్తుకుంటే మాత్రం ఈ తేడాలన్నీ ఎటు పోతాయో తెలియదు. భజనకు పోయే ఆడవాళ్లు గుంపుగా బండెక్కి పాడటం మొదలుపెడితే వాళ్లది ధర్మవరమా, మడకశిరా అన్నది ఎంత చెవి పెట్టినా దొరకదు. పాట అయిపోయి "ఆ సంచి ఇట్ల ఇయ్యమ్మే" అన్నప్పుడే దొరుకుతుంది. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ దించాలో మాటకు ఊరు నేర్పుతుంది. పాటకు రాగం నేర్పుతుంది. ఇందులో వింతేమీ లేదు. కానీ నా బతుకంతా ఈ రెండింటి మధ్యే గడిచింది కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

నేను పుట్టింది పెనుకొండకూ రొద్దానికీ మధ్య ఒక చిన్న ఊళ్లో. ఆ ఊళ్లో చదువు లేదని నన్ను చిన్నప్పుడే ధర్మవరంలో మా మేనత్త ఇంట్లో పెట్టారు. బళ్లో నేను నోరు తెరిస్తే చాలు, పిల్లలు నా మాటను నాకే తిప్పి అనేవాళ్లు. వాళ్లేదో పండితుల ఇళ్లలో పుట్టినట్టు! వాళ్ల నాయనలూ మగ్గం గుంటలో కూర్చుని "యాడ", "ఈడ" అనేవాళ్లే. అయినా పల్లె మాట పట్నం మాటకు ఎప్పుడూ లోకువే. దాంతో నేను మాట్లాడటం తగ్గించేశాను. పాట పాడితే మాత్రం ఎవరూ నవ్వేవాళ్లు కాదు. అందుకని పాడేదాన్ని. మా అత్త నన్ను సంగీతానికి పంపింది. మాస్టారు కోస్తా నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు, కానీ అక్షరం పక్కకు పోతే ఊరుకునేవాడు కాదు. కొన్నేళ్లలో నా నోట్లోంచి మా ఊరిని శుభ్రంగా కడిగేశాడు.

పెళ్లయి హిందూపురం వచ్చాను. అత్తగారింట్లో కన్నడం. మా అత్తగారికి తెలుగు కీర్తనలు బోలెడు వచ్చు, ఎంత చక్కగా పాడేదో! అదే తెలుగులో నాతో నాలుగు మాటలు మాట్లాడమంటే తడబడేది. సాయంత్రం పూట దీపం పెట్టి ఇద్దరం కలిసి పాడుకునేవాళ్లం. పాట అయిపోగానే ఆమె వంటింట్లోకి, నేను ముందు గదిలోకి. మేమిద్దరం అత్తాకోడళ్లం అని ఆ కాసేపే అనిపించేది.

ఆమె పోయింది. తర్వాత మా ఆయనా జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. ముందు గదిలో చాప పరిచి వీధిలో పిల్లలకు పాటలు నేర్పుతాను. పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ పిలిస్తే వెళ్లి పాడతాను. "మీది ఏ ఊరు మేడం?" అని అందరూ అడుగుతారు. హిందూపురంలో నన్ను ధర్మవరం మనిషి అనుకుంటారు. ధర్మవరం పోతే బెంగళూరు నుంచి వచ్చాననుకుంటారు. పాడేటప్పుడు ఊరు లేకపోవడం మంచిదే. పాడటం అయిపోయాక కూడా లేకపోతేనే కష్టం.

అది ఎంత కష్టమో మా అమ్మ పోయినప్పుడు తెలిసింది.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం తీసి ఏడుస్తారు. వచ్చే మనిషి వీధి మలుపులోనే గొంతెత్తాలి. ఇంట్లో ఉన్న కూతురు ఎదురొచ్చి మెడ చుట్టూ చేతులు వేయాలి. ఇద్దరూ పట్టుకుని ఊగుతూ, పోయిన మనిషిని పిలుస్తూ, అడుగుతూ, తిడుతూ ఏడవాలి. ఒకరు మొదలుపెడితే చుట్టూ ఉన్నవాళ్లు గొంతు కలుపుతారు. కూతురు రాగం తీయకపోతే ఆ చావుకు ఏదో తక్కువైనట్టే లెక్క.

నేను ఇంటికి ఒక్కతే కూతుర్ని. అమ్మ తల దగ్గర కూర్చుని గొంతెత్తాను. ఎత్తాను, అది పాటై కూర్చుంది. శ్రుతి తప్పలేదు. అక్షరం అక్షరం విడివిడిగా వినబడింది. "అమ్మా, నన్ను విడిచి వెళ్లిపోయావా" అని పుస్తకంలో రాసినట్టు వచ్చింది. గొంతు కలపాల్సిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఏడుపు ఆపేసి వినడం మొదలుపెట్టారు. ఒకామె కొంగు సర్దుకుని, గోడకు ఆనుకుని, కచేరీకి కూర్చున్నట్టు కూర్చుంది. వెనక నుంచి ఎవరో మెల్లగా "బాగా పాడతాది" అన్నారు.

నా కళ్లల్లోంచి నీళ్లు నిజంగానే కారుతున్నాయి. అయినా ఆ ఇంట్లో ఆ నిమిషాన నా అంత పరాయిది ఇంకెవరూ లేరు. అమ్మ శవం ముందర పాటకచేరీ చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. నోరు మూసుకున్నాను. అప్పుడు మా చిన్నమ్మ లేచి వచ్చి నన్ను పక్కకు జరిపి, అక్క తల ఒళ్లో పెట్టుకుని గొంతెత్తింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొంతు కలిపారు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. అదే ఊళ్లో ఇచ్చారు. భర్త ఎప్పుడో పోయాడు, బిడ్డలు లేరు. నాలుగు గొర్లు, వాకిట్లో వేపచెట్టు, ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూ ఉండే నోరు, ఇవే ఆమె సంసారం. అమ్మ ఉన్నంతకాలం ఇద్దరూ రోజూ తిట్టుకునేవాళ్లు. అమ్మ పోయాక తిట్టడానికి నేను దొరికాను. రోజూ పొద్దున్నే, పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేసేదాన్ని.

"యాడుండావు చిన్నమ్మా?"

"యాడుంటా? ఈడే ఉండా. నువ్వు యాడుండావు?"

"నేనూ ఈడే ఉండా."

"తింటివా?"

"ఇంగా లేదు. ఇప్పుడే కదా లేస్తి."

"ఇంతసేపు పండుకుంటే పిల్లోల్లకి ఏం నేర్పుతావు నువ్వు?"

ఇంతే. రోజూ ఇదే. ఆమె ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను. అయినా ఎక్కడున్నావని ఒకరినొకరం అడిగేవాళ్లం. నా నోట్లో మా ఊరి మాట మిగిలింది ఆ కాసేపే. ఒకసారి పాట నేర్చుకునే పాపను దిగబెట్టడానికి వచ్చిన వాళ్లమ్మ, నేను ఫోన్లో మాట్లాడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోన్ పెట్టేశాక "మీరేనా మేడం మాట్లాడింది?" అని అడిగింది. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి కూడా చూసింది. లోపల ఎవరుంటారు? నేనే.

ఆమె వెళ్లాక చాలాసేపు ఆ ప్రశ్న వదల్లేదు. ఫోన్లో మాట్లాడింది నేనైతే, పిల్లలకు పాఠం చెప్పేది ఎవరు? రోజంతా నా నోటి నుంచి వచ్చే మాటల్లో నావి ఎన్ని? పాలు పొంగే లోపల అయిపోయే ఆ నాలుగు మాటలే నావి. మిగతా రోజంతా మాట్లాడేది మాస్టారు తయారు చేసిన మనిషి. ఒంటరితనం అంటే ఇంట్లో మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని. నోట్లో ఉన్న మాటను అందుకునే మనిషి లేకపోవడం అంతకంటే బరువు.

ఒకసారి విత్తనాల కాలానికి ముందు ఊరికి వెళ్లాను. చిన్నమ్మ అరుగు మీద కూర్చుని విత్తనాలకు బుడ్డలు వలుస్తోంది. అంటే వేరుశనగ. నేనూ ఎదురుగా కూర్చుని వలవడం మొదలుపెట్టాను. చేట సగం నిండాక చిన్నమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఏమ్మే, నేను పోతే నువ్వు ఎట్ల ఏడుస్తావు?"

"ఏం మాటలు చిన్నమ్మా అవి?"

"మాటలు గాదు. మీ యమ్మకి ఏడ్చినట్ల ఏడుస్తావా?"

నా ముఖం మాడిపోయింది. అన్నేళ్లూ ఆ సంగతి ఆమె ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను. నేను తలెత్తకుండా బుడ్డలు వలుస్తూనే ఉన్నాను.

"నాకు బిడ్డల్లేరు. ఏడిస్తే నువ్వే ఏడవల్ల," అంది. "యాదీ, ఒగసారి ఏడ్సి సూపీ."

"బతికుండే మనిషికి ఏడుస్తారా?"

"సచ్చినాంక నాకు ఇనపడతాదా? ఇప్పుడైతే కదా నేను ఇనేది!"

ఆమె హాస్యానికి అడగడం లేదని ముఖం చూస్తే తెలిసింది. చేతిలో బుడ్డలు చేటలో పెట్టి, కాళ్లు చాపుకుని, వినడానికి సిద్ధంగా కూర్చుంది. తన చావుకు ఎవరు ఏడుస్తారో, ఎలా ఏడుస్తారో తెలుసుకోవాలని ఆమెకు ఉంది. అందులో తప్పేముంది? ఆమెకు ఇంకెవరున్నారు? నేను గొంతు సవరించుకున్నాను. అక్కడే పోయింది. గొంతు సవరించుకుని ఏడ్చేవాళ్లు ఎవరైనా ఉంటారా? అయినా మొదలుపెట్టాను. రెండు మాటలు కూడా పూర్తి కాలేదు, చిన్నమ్మ చెయ్యెత్తింది.

"ఆపు తల్లీ. రేడియో పెట్టినట్ల ఉండాది. ఎవురో పెద్దింటామె వచ్చి ఏడ్సినట్ల ఉండాది. నాకు ఎవురో ఒగామె ఏడ్సేది వద్దు."

"మరి ఎట్ల ఏడవాల? నువ్వే సూపీ."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా అమ్మను తలుచుకుని "అక్కా" అని సాగదీసింది. అంతే, ఫక్కున నవ్వేసింది. మళ్లీ సాగదీసింది. మళ్లీ నవ్వొచ్చింది. "రాల్యాదే! ఎవురూ సావకుండా ఏడుపు ఎట్ల వస్తాది?" అంది. ఇద్దరం కళ్ల వెంట నీళ్లు కారేటట్టు నవ్వాం. వీధిలో పోతున్న ఒకాయన ఆగి "ఏం చిన్నమ్మా, ఏమైందప్పా?" అని అడిగితే, "ఏం లే పో, నా సావు గురించి మాట్లాడుకుంటాండాం" అని చెప్పింది. ఆయన వెనక్కి చూసుకుంటూ పోయాడు.

సాయంత్రం బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. బస్సు దూరంగా కనబడగానే నా చెయ్యి పట్టుకుంది. "పాట పాడితివా, సచ్చినా లేసి తిడతా సూడు," అంది. ఈసారి నవ్వలేదు.

హిందూపురం వచ్చాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పిల్లలు వెళ్లిపోయాక తలుపు వేసుకుని ఒకటి రెండుసార్లు ప్రయత్నించాను కూడా. చెబితే నవ్వుతారు. సరళీ స్వరాలు సాధన చేసినట్టు ఏడుపు సాధన చేశాను. గొంతు పైకి లేవగానే మాట శుభ్రపడిపోయేది. మాటను పట్టుకుంటే గొంతు లేచేది కాదు. చిన్నమ్మకు నేను తప్ప ఎవరూ లేరు, నాకేమో ఏడవడం రాదు. ఈ దిగులు ఎవరికి చెప్పుకోవాలి? ఫోన్లో ఆమెకు చెప్పలేను. ఆమె కూడా మళ్లీ అడగలేదు. "యాడుండావు", "ఈడే ఉండా", అంతే.

ఆ తర్వాత ఏడాది చలికాలంలో ఒక పొద్దున ఫోన్ చేస్తే ఎత్తలేదు. గొర్ల దగ్గర ఉందేమో అనుకుని పాలు దించి మళ్లీ చేశాను. ఈసారి ఎత్తారు, కానీ గొంతు ఆమెది కాదు. పక్కింటి రైతు.

"అక్కా, నువ్వు బయల్దేరక్కా. చిన్నమ్మ పండుకున్నట్లే పోయింది."

పెనుకొండ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. దారి పొడవునా నాకు దుఃఖం కంటే భయమే ఎక్కువగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ నిజం అదే. మళ్లీ పాటే వస్తే? ఆమె అడిగింది అదొక్కటే. ఒక్కటంటే ఒక్కటి.

వీధి మలుపులో దిగాను. అక్కడే గొంతెత్తాలి. ఎత్తలేకపోయాను. ఎదురొచ్చి మెడ చుట్టూ చేతులు వేయడానికి ఆ ఇంట్లో కూతురూ లేదు, కోడలూ లేదు. ఊరి ఆడవాళ్లు కొంతమంది వాకిట్లో కూర్చుని నా వైపు చూస్తున్నారు. వాళ్లందరికీ నేను పాటల టీచరునని తెలుసు. ఏం ఎత్తుకుంటుందో చూద్దామన్నట్టు ఉన్నాయి చూపులు. నాకు అలా అనిపించిందేమో కూడా.

లోపలికి వెళ్లాను. చిన్నమ్మను నేల మీద పడుకోబెట్టారు. తల పక్కన దీపం. కిటికీలో ఆమె ఫోన్ ఉంది, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసిన చిన్న ఫోన్. పొద్దున నేను చేసినప్పుడు అది అక్కడే మోగి ఉంటుంది. ఆమె ఇక్కడే ఉండి ఉంటుంది. నేను ఆమె తల దగ్గర కూర్చున్నాను. ఏం చేయాలో తెలియలేదు. ఆమె ముఖం చూసి, రోజూ అడిగేదే అడిగాను.

"యాడుండావు చిన్నమ్మా?"

ఎప్పటిలాగే మామూలుగా అడిగాను. జవాబు రావలసిన చోట ఏమీ రాలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ ఏమీ రాలేదు. మూడోసారి అడిగేటప్పుడు మాట దానంతట అదే సాగింది. సాగిన మాటను ఆపడం నా చేతుల్లో లేకపోయింది.

"యాడుండావే చిన్నమ్మా, యాడుండావే,
పొద్దున్నే ఫోన్ జేస్తి గదే, ఎత్తకపోతివే,
ఈడే ఉండా అంటివి గదే, ఈడ లేకపోతివే,
నన్ను తిట్టే నోరు యాడ దాసిపెడితివే..."

ఎవరో వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేశారు. ఎవరో నాకు తెలియదు. ఇంకొకరు వచ్చారు. గొంతులు ఒక్కొక్కటిగా కలిశాయి. శ్రుతి లేదు, ఏమీ లేదు. నా గొంతు ఎక్కడుందో, వాళ్ల గొంతు ఎక్కడుందో తెలియలేదు. అందరం పెనుకొండ పక్క పల్లె ఆడవాళ్లమే. ఎంతసేపు ఏడ్చామో కూడా నాకు గుర్తులేదు.

మట్టి చేసి వచ్చాక వాకిట్లో కూర్చున్నప్పుడు, పక్క ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె నన్ను చూపించి "ఆ ఏడ్సిన బిడ్డ యా ఊరిది?" అని అడిగింది. "ఈ ఊరిదే అవ్వా," అని చెప్పారు. నేను విన్నాను. చిన్నమ్మా, విన్నావా అనుకున్నాను. నేను గెలిచినట్టే. చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. ఈ సంగతి విని నవ్వాల్సిన మనిషి, తిట్టాల్సిన మనిషి, ఒక్కతే. ఆమెనే మట్టిలో పెట్టి వచ్చాం. గొర్లను పక్కింటి రైతు తోలుకుపోయాడు. ఆ ఊళ్లో నాకు ఇంక పని లేకుండా పోయింది.

మొన్న ధర్మవరంలో ఒక పెళ్లికి పాడటానికి వెళ్లాను. బాగానే పాడాను. నా గొంతుకేం కాలేదు, ఎప్పటిలాగే ఉంది. భోజనాల దగ్గర పెళ్లికూతురి మేనత్త వచ్చి మెచ్చుకుని "మీది ఏ ఊరమ్మా?" అని అడిగింది. పెనుకొండ దగ్గర పల్లె అన్నాను. "అవునా! మీ పాటలో అస్సలు తెలీల్యా," అంది. "పాటలో తెలీదమ్మా, ఏడిస్తే తెలుస్తాది," అన్నాను. నేనేదో చమత్కారంగా అన్నాననుకుని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. నేను రాగం తీసి ఏడవాల్సిన మనుషులందరూ అయిపోయారు. రేపు నా కోసం ఏడ్చేవాళ్లు లేరు. పాయసం వడ్డిస్తున్న చోట ఇవన్నీ ఆమెకు ఎలా చెప్తాను?

సాయంత్రం ప్యాసింజర్లో తిరిగి వస్తున్నాను. ధర్మవరం వాళ్లు కొట్లాడుతున్నట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. పెనుకొండలో బండి ఆగింది. ఎవరో ఎక్కి నా ఎదురు సీట్లో కూర్చున్నారు, ఆడమనిషి. సంచి కింద పెట్టిన చప్పుడైంది. ఫోన్ మోగింది.

"ఈడే ఉండా," అంది. "యాడికి పోతా? ఈడే ఉండా. ఇప్పుడే బండెక్కితి."

కాస్త సాగదీసి, చివర మెల్లగా దించి పెట్టింది. నేను కళ్లు తెరవలేదు. తెరిస్తే ఆమె వేరే మనిషి అని కనబడుతుంది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని హిందూపురం దాకా అలాగే కూర్చున్నాను. ఆమెను యాడుండావని అడగడానికి ఎవరో ఉన్నారు.